ముందు వరసలో చాప

పిల్లల కోసం దాచుకోవడం దేవుడి దృష్టిలో తప్పా అని కృపావతి అడిగినప్పుడు ఇస్సాకు అయ్యగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. ప్రశ్న విన్నాక కూడా తీస్తూనే ఉన్నారు. ఆయన పద్ధతే అంత. పోర్ట్ బ్లెయిర్‌లోని ఆ తెలుగు చర్చి వరండాలో గురువారం సాయంత్రాలు పదిమంది చేరి వాక్యం చదువుకుంటారు. పాదిరిగా పనిచేసి రిటైరైన అయ్యగారే వాళ్లకి గురువు. ఎవరు ఏమడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పరు. "ఎందుకు అడుగుతున్నావమ్మా?" అంటారు. చాలామంది ప్రశ్నలు అక్కడితోనే తీరిపోతాయి.

కృపావతి ప్రశ్న తీరలేదు. పెళ్లయిన కొత్తలో భర్త ప్రకాశరావుతో బొబ్బిలి దగ్గర్నుంచి ఈ ద్వీపానికి వచ్చింది. అతనికి హార్బరులో పని. ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టారు. చుట్టూ సముద్రమే తప్ప చుట్టమన్నవాడు లేని చోట పిల్లల్ని పెంచడమంటే ఆమెకి గుండెల మీద కుంపటి. కొడుకు తిమోతి తుమ్మితే నోరు తెరిపించి గొంతు చూస్తుంది. కూతురు హెప్సిబా నిద్రలో హిందీ మాట్లాడితే, దీనికి రేపు తాతముత్తాతల ఊళ్లో మాట తిరుగుతుందా అని దిగులు పడుతుంది. రేపు తమకేమైనా అయితే వీళ్లు ఏ గడప తొక్కుతారు? అందుకే సొంత ఊరి వైపు పిల్లల పేరన ఒక ఇంటి స్థలం కొనాలని పట్టుదల. ఇప్పుడు ఆసుపత్రి మేట్రన్ ఒక దారి చూపించింది. ప్రతి ఆదివారం పొద్దుట్నుంచి రాత్రి దాకా డ్యూటీ చేస్తే రెట్టింపు ఇస్తారు. సోమవారానికల్లా ఏదో ఒక మాట చెప్పాలి.

"ఆదివారం ఒక్కరోజే అయ్యగారూ, మేం నలుగురం ఒకచోట కూర్చునేది. చర్చికొస్తాం, ఇంటికెళ్లి కలిసి తింటాం. అది వదులుకుంటే స్థలం వస్తుంది. దేవుణ్ణి ముందు పెట్టమంటారు. పిల్లల్ని వెనక పెట్టమని మాత్రం ఎవరూ చెప్పరు. నాకు వరస తెలియడం లేదు."

"దీని పిల్లలకి దగ్గొస్తే మనమందరం మందు తాగాలి," అంది పక్కనున్న సలోమమ్మ. శ్రీకాకుళం వైపు మనిషి, నోరు పెద్దది. అందరూ నవ్వారు. కృపావతి నవ్వలేదు.

అయ్యగారు ఈనెలన్నీ ఒక కాగితంలోకి ఎత్తారు. "శనివారం మహాసభలకి వస్తున్నావుగా. పిల్లల్ని కూడా తీసుకురా. తర్వాత మాట్లాడదాం," అన్నారు.

ఆ మాట ఆమె మరోలా తీసుకుంది. సభలకి విశాఖపట్నం నుంచి పెద్ద ప్రసంగీకుడు వస్తున్నాడు. తన ప్రశ్నకి జవాబు ఆ ప్రసంగంలో ఉంటుందని అయ్యగారికి తెలుసు కాబోలు. అలా అయితే ఒక్క ముక్క కూడా జారిపోకూడదు, ముందు వరసలో కూర్చోవాలి అనుకుంది.

ఆ సభల్లో కుర్చీలు పెద్దలకే. మిగతావాళ్లు ఇంటి నుంచి చాపలు తెచ్చుకుంటారు. ముందు ఎవరు పరిస్తే ఆ చోటు వాళ్లది, అడిగేవాడు లేడు. కృపావతి డ్యూటీ నుంచి తిన్నగా మైదానానికే వచ్చింది. పిల్లల్ని ప్రకాశరావు తర్వాత తీసుకొస్తాడు. అప్పటికింకా మైకువాళ్లు వైర్లు కడుతున్నారు. పైన షామియానాకి చిల్లు లేని చోటు, వేదికకి ఎదురుగా, నేల కాస్త ఎత్తుగా ఉన్న చోటు వెతికి పెద్ద ప్లాస్టిక్ చాప పరిచింది. నలుగురికి అంత చాప అక్కర్లేదు. కానీ తిమోతి ప్రసంగం మధ్యలో పడుకుంటాడు, తడి తగిలితే ఆయాసం. ప్రకాశరావు మోకాలు మడవలేడు. సముద్రపు గాలికి చాప లేచిపోతుంటే ఒక మూల టిఫిన్ డబ్బా, ఒక మూల నీళ్ల సీసా, ఒక మూల చెప్పులు పెట్టింది. నాలుగో మూలకి ఏమీ మిగల్లేదు. సభ మొదలవగానే తీసేస్తాను ప్రభువా అని మనసులో చెప్పుకుని, బైబిలు పెట్టింది.

జనం రావడం మొదలైంది. మొదట సలోమమ్మే వచ్చింది, నడుం పట్టుకుని.

"కొంచెం జరగవే కృపా, కూకుంటాను."

"పిల్లలొచ్చేస్తున్నారత్తా. బయల్దేరారు."

సలోమమ్మ చాపని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసింది. "ఈ సాప మీద దేవదూతలేటైనా దిగుతారేటి?" అని వెనక్కి వెళ్లి స్తంభానికి ఆనుకుని నిలబడింది. తర్వాత హార్బరు గుమాస్తా దానియేలు తన భార్యతో వచ్చి, "విశాఖ షిప్పులో కూడా ఇంత గట్టిగా సీటు పట్టుకోరు సిస్టర్," అన్నాడు. కృపావతి చెవులు ఎర్రబడ్డాయి. లేచి సలోమమ్మని పిలుద్దామా అనుకుంది. ఆమెని కూర్చోబెడితే దానియేలుని ఎలా కాదంటుంది? వాళ్లిద్దరూ కూర్చుంటే తిమోతి ఎక్కడ పడుకుంటాడు? ఇలా ఒకదాని వెనక ఒకటి లెక్క పెరిగి, చివరికి ఎవరినీ పిలవలేదు. మైదానం గేటు కనిపించేలా వేదిక వైపు వీపు పెట్టి చాప మధ్యలో కూర్చుంది.

సభ మొదలైంది. పాట అందరితో పాటు అందుకుంది గాని, రెండో చరణంలో ఎవరో చాప అంచు మీద కాలు పెట్టారు, అక్కడే మాట తప్పిపోయింది. ప్రార్థనప్పుడు ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి ఉంచింది. అలా చేసినందుకు మళ్లీ క్షమించమని అడిగింది. చినుకులు పడ్డాయి. అంచుల్లో ఉన్నవాళ్లు తడవకుండా లోపలికి నెట్టుకొచ్చారు. ఇసుక వేస్తే రాలని ఆ జనం నడుమ ఆ చాప ఒక్కటే ఖాళీగా ఉంది. ఆమె మోకాళ్ల మీద లేచి రెండు చేతులూ చాచి, "వస్తున్నారండీ, దారిలో ఉన్నారు," అని ఒక్కొక్కరికీ చెబుతూనే ఉంది. చూపు మాత్రం గేటు మీదే.

అప్పుడే వేదిక మీద సండేస్కూలు పిల్లలు పాడారు. గాలికి సగం మాటలు కొట్టుకుపోతున్నా గొంతులు లేతగా, ఒద్దికగా ఉన్నాయి. ఎవరి పిల్లలో చక్కగా పాడుతున్నారు అనుకుంది కృపావతి. పాట అయ్యాక అందరూ చప్పట్లు కొడితే తనూ కొట్టింది, గేటు వైపు చూస్తూనే.

తర్వాత ప్రసంగం జరిగింది. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో ఆమెకి తెలియదు. వర్షానికి దారి మూసుకుపోయిందా, ఆటో బోల్తా పడిందా, తిమోతికి మళ్లీ ఆయాసమా అని ఒకటే గుబులు. అందరూ కళ్లు మూసుకుని ఆఖరి ప్రార్థన చేస్తుండగా వెనక నుంచి ఒక చిన్న చెయ్యి భుజం తట్టింది.

హెప్సిబా. జడలో కాగితం పువ్వు, పెదాల మీద అంత నవ్వు. "అమ్మా, బాగా పాడానా?"

కృపావతికి ఏమీ అర్థం కాలేదు. "ఎప్పుడొచ్చారే?"

"ఎప్పుడో వచ్చాం. రోడ్డంతా జనమని నాన్న వెనక సందులోంచి తీసుకొచ్చారు. ఎస్తేరుకి జ్వరమంట. టీచరు నన్ను లాగేసి ఎస్తేరు చోట్లో నిలబెట్టింది. మొదటి వరసలో, అమ్మా. నీ వెనకే. నీకు చెయ్యి కూడా ఊపాను." ఒక్క క్షణం ఆగి, ఫిర్యాదులా కాకుండా, ఉన్నమాట చెబుతున్నట్టు అంది, "నువ్వు చాప చూసుకుంటున్నావు."

వేదిక పక్కన ప్రకాశరావు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. రమ్మని ఎంత సైగ చేశాడో అతని ముఖమే చెబుతోంది. వేదిక మీద పెద్దల కుర్చీల్లో ఒకదాంట్లో ఇస్సాకు అయ్యగారు కూర్చుని ఉన్నారు. ఆయన ఒళ్లో తిమోతి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. చాప అలాగే ఉంది, ఒక్క మడత పడకుండా.

ఇంటికి వెళ్లే దారిలో ఆ పాట మళ్లీ ఒకసారి పాడవే అని కూతుర్ని అడిగింది. హెప్సిబా ఒక లైను మొదలుపెట్టి ఆపేసింది. "ఒక్కదాన్నే అయితే రాదమ్మా. అందరితో అయితేనే వస్తుంది."

సోమవారం మేట్రన్ దగ్గరికి వెళ్లి, ఆదివారాలు కుదరదండీ అని చెప్పింది. సరే, వేరేవాళ్లని చూసుకుంటానంది మేట్రన్. బయటికొచ్చాక కృపావతి ఒకసారి ఆ తలుపు వైపు తిరిగి చూసింది గాని, వెనక్కి వెళ్లి మాట మార్చుకోలేదు.

అయినా మనసు కుదుటపడలేదు. గురువారం మిగతావాళ్లకంటే ముందే వరండాకి వచ్చింది. అప్పటికి అక్కడ అయ్యగారూ, ఆయనకి కాఫీ తెచ్చిన సలోమమ్మా తప్ప ఎవరూ లేరు. జరిగిందంతా అప్పజెప్పినట్టు చెప్పింది. ఆదివారం డ్యూటీ వద్దంది. అక్కడితో ఆగలేదు. స్థలం మాటే ఎత్తవద్దని భర్తకి చెప్పేసింది. దాచుకున్నదంతా చర్చికి ఇచ్చేద్దామంటే, రెండు రోజులాగు అన్నాడు అతను. ఆ చాప తీసుకెళ్లి సలోమమ్మ ఇంట్లో పెట్టి వచ్చింది.

"వచ్చే ఏడాది నుంచి చివర్న నిలబడే వింటాను అయ్యగారూ. నా పిల్లల్ని దేవుడే చూసుకుంటాడు. నేనింక దేనికీ చోటు పట్టను." గొంతు ధైర్యంగానే ఉంది. వేళ్లు మాత్రం కొంగు చివర నలిపి నలిపి దారాలు లాగుతున్నాయి.

"ఆ సాప నాకెందుకే," అంది సలోమమ్మ. "నా గది కంటే అదే పెద్దది. పరిస్తే నాను బయట పడుకోవాల."

అయ్యగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. "పిల్లాడి దగ్గు ఎలా ఉంది?"

"తగ్గిందండీ. రాత్రిళ్లు కొంచెం..." అని మొదలుపెట్టి, ఆ దిగులు కూడా పాపమేమో అన్నట్టు ఆగిపోయింది.

"చాప తెచ్చేసుకో తల్లీ," అన్నారాయన. "నీ పిల్లలు తడి నేల మీద కూర్చుంటే దేవుడికేం ఒరుగుతుంది? ప్రకాశరావు రెండు రోజులాగమన్నాడుగా, పది రోజులాగు. స్థలం కొనుక్కుంటారో లేదో, అది మీరిద్దరూ తీరిగ్గా చూసుకోండి."

"మరి నేను చేసింది?"

మెట్ల దగ్గర మిగతావాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. వాళ్లు వచ్చేలోపు చెప్పాలన్నట్టు ఇస్సాకు అయ్యగారు కొంచెం ముందుకి వంగారు.

"నేను వేదిక మీదే ఉన్నాను కదమ్మా, అంతసేపూ చూశాను. మంచి చోటే పట్టావు. ఈసారి ఎటు తిరిగి కూర్చుంటావో, అదొక్కటి చూసుకో."