రాలిన పూలు ఏరరాదట

అనగనగా ఒక పెద్ద పట్నం, చిట్టితల్లీ. ఆ పట్నం నడిబొడ్డున నవాబుల నాటి తోట. ఒకప్పుడు బేగంలు తిరిగిన ఆ తోట తర్వాత ఊరందరిదీ అయింది. అందులో ఒక ముసలి పొగడచెట్టు. తెల్లారేసరికి దాని పూలు జలజలా రాలేవి. పొగడపూలు ఎవరూ కొయ్యరు, రాలినవే ఏరుకుంటారు. పువ్వు నడుమ దేవుడే బెజ్జం పెట్టాడు, గుచ్చడానికి సూది కూడా అక్కర్లేదు.

ఆ పూల కోసం చంద్రవ్వ, ఆమె వాడకట్టు ఆడవాళ్ళు రోజూ వచ్చేవాళ్ళు. చంద్రవ్వ అక్క లచ్చవ్వకి చూపు లేదు, మంచం దిగలేదు. చెల్లెలు తెచ్చిన దండ ముక్కుకి తగిలితేనే ఆమెకి తెల్లారినట్టు.

అప్పుడు తోటకి కొత్త ఆఫీసరు వచ్చాడు. చొక్కా నలగనివ్వడు. చెట్టు కింద కూర్చున్న ఆడవాళ్ళని చూసి మొహం చిట్లించాడు.

"ఇది చారిత్రక ఉద్యానవనం. చూడ్డానికొచ్చిన వాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు. మర్నాడే ఒక చెక్క బోర్డు పాతించాడు. 'పూలు ఏరరాదు' అని. రాలిన పూలే కదమ్మా, చెట్టే వద్దనుకుని నేలకిచ్చినవి. వాటికీ ఈయన కాపలా. ఒళ్ళు మండదూ?

చంద్రవ్వకీ మండింది. కానీ లాఠీ పట్టుకున్న కాపలావాణ్ణి చూసి ఒట్టి చేతులతో ఇంటికొచ్చింది.

"ఇంకా తెల్లారలేదా చెల్లె?" అంది లచ్చవ్వ.

"లేదక్కా, పండుకో" అంది చంద్రవ్వ. అలా అన్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

రెండో రోజూ అంతే. చెట్టు కింద పూలు మందంగా పరుచుకున్నాయి. ఆడవాళ్ళు ఒక్క పువ్వూ మిగల్చకుండా ఏరేవాళ్ళు కాబట్టి, తోట ఊడ్చేవాళ్ళు అటువైపు ఎన్నడూ చీపురు వెయ్యలేదు. ఆ సంగతి ఆఫీసరుకి తెలీదు. ఎవర్నైనా అడిగితే కదా.

ఆ తర్వాత వాన పడింది. మూడో రోజుకి పూలు కుళ్ళి దారంతా జిగట. ఆ రోజే ఆఫీసరుకి పైఅధికారి, పెద్ద మేడమ్, తోట చూడ్డానికొచ్చింది. ఆఫీసరు ముందు నడుస్తూ, "ఈ చెట్టు వయసు..." అంటూనే సర్రున జారి వెల్లకిలా పడ్డాడు.

"ఏంటీ చెత్త?" అంది మేడమ్.

"ఈ చెట్టు వల్లే మేడమ్. రేపే కొట్టించేస్తా" అన్నాడు.

గేటు దగ్గరున్న చంద్రవ్వ ఇక ఆగలేదు. లాఠీని పక్కకి నెట్టి వచ్చి బోర్డు ముందు నిలబడింది.

"చెట్టు ఏం చేసింది సారూ? ముప్పై ఏండ్ల సంది మేం ఏరినం, ఒక్కరన్న జారిన్రా? మా అక్కకు కండ్లు లేవు. ఈ పూల వాసనే ఆమెకు పొద్దు. మూడు దినాల సంది మా ఇంట్ల తెల్లారలే. అది చాలదని చెట్టునే కొడతవా?"

మేడమ్ ఆఫీసరు వైపు చూసింది. "ఆ బోర్డు మీ చేత్తోనే పీకండి" అంది. బురద చొక్కాతోనే పీకాడు. తప్పయిందని మాత్రం అనలేదు తల్లీ, అలాంటివాళ్ళు అనరు. ఆ చెక్కని చంద్రవ్వ అడిగి మరీ పట్టుకెళ్ళింది, నీళ్ళు కాచుకోవడానికి.

మర్నాడు లచ్చవ్వ ముక్కుకి దండ తగిలింది. ఆమె చాలాసేపు దాన్ని వదల్లేదు.

"ఎంత పొడుగు రాత్రే చెల్లె" అంది.

రాలిన పువ్వు ఒడిలోకి,
పీకిన బోర్డు పొయ్యిలోకి,
కథేమో కంచి దారిలోకి,
మనమేమో దుప్పట్లోకి.