మూత మీది పేరు

కుముదినికి ఇరవై రెండేళ్ళు. దోసెలు పోస్తూ అట్లకాడతో పెనం అంచు మీద ఆదితాళం వేస్తుంది. విజయనగరంలో అత్తవారి వంటింట్లో, ఆ తాళం మీదే తన మొదటి కీర్తన కట్టింది. కీర్తన కట్టినవాళ్ళు ఆఖరి చరణంలో తమ పేరు ఇమడ్చడం వాడుక. దాన్ని ముద్ర అంటారు. ఆమె కూడా ఆఖరి చరణంలో, ఎవరికీ అడ్డం రాకుండా, ‘కుముదిని’ అని పెట్టుకుంది.

భర్త మురిసిపోతూ ఆ కాగితం తీసుకెళ్ళి ఊళ్ళో పేరున్న పాటగాడు వరాహమూర్తి పంతులుగారికిచ్చాడు. ఆయన శ్రీరామనవమి పందిట్లో పాడారు. ఆఖరి చరణంలో ‘కుముదిని’ ఉండాల్సిన చోట ‘వరాహమూర్తి’ కూర్చున్నాడు. జనం శాలువా కప్పారు. కట్టింది ఆడది, పాడింది మగవాడు అయినప్పుడు శాలువా దారి తప్పదు.

ఆమె వెళ్ళి అడిగితే ఆయన తడబడలేదు కూడా. “పిచ్చితల్లీ, నీ పాటకి నా గొంతిచ్చాను. ఇంకేం కావాలి?” అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆమె తన గురువు వేదవల్లిగారి దగ్గరికి వెళ్ళింది.

“అమ్మగారూ, పోట్లాడితే గయ్యాళినంటారు. ఊరుకుంటే ఇకమీదట కట్టేవన్నీ ఆయనవే అవుతాయి. నన్నేం చెయ్యమంటారు?”

వేదవల్లిగారికి అడగ్గానే జవాబు చెప్పే అలవాటు లేదు. ముందు ఏదో ఒక పని పురమాయిస్తారు.

“పక్కింటి సూరమ్మ పులిహోర కలపడానికని మన ఇత్తడి గిన్నె పట్టుకెళ్ళింది. వెళ్ళి తీసుకురా.”

తన కడుపు మండుతుంటే ఈవిడకి గిన్నె గొడవా అనుకుంటూనే కుముదిని వెళ్ళింది.

సూరమ్మ చేతులు తిప్పింది. “మూత మొన్ననే ఇచ్చేశాను కదమ్మా! పేరు చూసి మరీ ఇచ్చాను. ఈ గిన్నె మాది. తిప్పి చూసుకో, ఎక్కడైనా మీ అమ్మగారి పేరుందా?”

కుముదిని తిప్పి చూసింది. పేరు లేదు. అంచు కింద సొట్ట మాత్రం వేలికి తగిలింది. శిష్యురాలిగా చేరిన నాటి నుంచి ఆరేళ్ళు తను చింతపండుతో తోమిన సొట్ట అది.

“ఈ సొట్ట నాకు తెలుసు పిన్నిగారూ.”

“బావుంది! సొట్టల్లేని గిన్నె ఎవరింట్లో ఉందమ్మా?”

ఉత్త చేతులతో తిరిగొచ్చి, గుమ్మంలోంచే విరుచుకుపడింది. “అది మన గిన్నే! పేరు కొట్టించలేదా మీరు?”

“కొట్టించకేం,” అంటూ వేదవల్లిగారు గూట్లోని మూత చూపించారు. దాని మీద ఆవిడ పేరు చుక్కచుక్కగా నిగనిగలాడుతోంది. “గిన్నె మీద దేనికిలే, మూత మీద ఉంటే చాలదా అనుకున్నాను.”

“మూతదేముందండీ! ఎవరైనా ఇట్టే తీసేస్తారు. గిన్నెకే కదా...” అని కుముదిని సగంలో ఆగింది.

వేదవల్లిగారు తంబురా ఒళ్ళోకి తీసుకున్నారు.

“ఏదీ, పల్లవి అందుకో.”

తరవాత కుముదిని నూట ఎనభై కీర్తనలు కట్టింది. చరణం తరవాత చరణం తిరిగొచ్చే పల్లవిలోనే ప్రతిసారీ తన పేరు పెట్టింది. ముందు పేటలోని ఆడవాళ్ళందరికీ నోటికి వచ్చేదాకా నేర్పి, ఆ తరవాతే కాగితం మీద రాసింది. వరాహమూర్తి పంతులుగారు వాటిలో పదకొండు పాడారు, ఆ పేరుతోనే.