రోహిణి కార్తెలో తవ్విన చెలమ

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక వాగు. కాళ్లు తన్నుకోకుండా వినండి. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి చెప్పే ఓపిక నాకు లేదు.

ఆ వాగు పక్కన తుంగ పెరిగే చిత్తడి నేల ఉండేది. ఎండాకాలంలో వాగు సన్నగా ఒక పక్కకు ఒదిగి పారేది. వానలు పడగానే ఆ నేల మీదికి కాళ్లు చాపుకునేది. అందుకని అడవిలో ఒక పద్ధతి పెట్టుకున్నారు. అక్కడ ఎవరు ఇల్లు కట్టాలన్నా ముందు మూరెడు లోతు చెలమ తవ్వాలి. చెలమంటే తెలుసుగా, నీళ్ల కోసం చేత్తో తవ్వే గుంట. పొద్దున్నే తవ్వి, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా పక్కనే కూర్చోవాలి. నీరు ఊరితే కట్టకూడదు. ఊరకపోతే కట్టుకోవచ్చు.

ఎండాకాలంలో తవ్వకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. అంత తెలివితక్కువ పని ఎవరు చేస్తారులే అనుకున్నారు.

చెలమ దగ్గర కూర్చునే పని కూర్మయ్యది. కూర్మయ్య ముసలి తాబేలు. సరే అనుకుంటే గుమ్మం పెట్టే చోట తడి మట్టిలో తన పాదం ముద్ర వేసేవాడు. ఎన్నో ఏళ్లుగా అదే పని. అతను కాదన్నప్పుడల్లా ఎవరో ఒకరు మొహం మాడ్చుకునేవారు. వద్దన్న చోట ఏ కష్టమూ రాలేదు కాబట్టి, మంచి పని చేశావని ఎవరూ అనలేదు.

ఆ అడవిలోనే బుచ్చెన్న అనే పందికొక్కు ఉండేవాడు. ఏదో ఒకటి తవ్వకపోతే వాడికి పళ్లు దురద. మెట్ట మీద తవ్వాలంటే రాళ్లు. చిత్తడి నేలేమో వెన్నలా మెత్తన. వాడి కన్నంతా దాని మీదే.

నూకాలు అనే కుందేలు బొరియ కార్చిచ్చులో పోయింది. నలుగురు పిల్లల్ని వేసుకుని రేగుపొద కింద పడి ఉంది. బుచ్చెన్న ఆమెకు ఇల్లు తవ్విపెడతానన్నాడు.

మొదటిసారి వానలు ముదిరిన పుబ్బ కార్తెలో కూర్మయ్యను పిలిచాడు. చెలమ తవ్వారు. కూర్మయ్య సరిగ్గా కూర్చోనైనా లేదు, నీళ్లు ఊరాయి.

"కుదరదు బుచ్చెన్నా. మెట్ట మీద తవ్వు" అన్నాడు కూర్మయ్య.

రెండోసారి చలికాలంలో పిలిచాడు. గుంట నీటిదాకా అందకూడదని ముందే పైన జానెడు కొత్త మట్టి పోసి తొక్కించాడు. కూర్మయ్య కూర్చున్నాడు. పొద్దు నడినెత్తికి వస్తుందనగా అడుగున తడి మెరిసింది.

"కుదరదు" అన్నాడు కూర్మయ్య.

"కాదనడానికే పుట్టావా మామా నువ్వు?" అన్నాడు బుచ్చెన్న. అడవిలో నలుగురూ అదే మాట అన్నారు.

మూడోసారి రోహిణి కార్తెలో పిలిచాడు. నేల నెర్రెలు బారింది. కూర్మయ్య డిప్ప పెనంలా కాలుతోంది. బుచ్చెన్న చెలమ తవ్వాడు. ఊరలేదు. ఊరదని కూర్మయ్యకు తెలుసు.

"ఇప్పుడు తవ్వితే ఏం తెలుస్తుందిరా? వానలు పడనీ, చూద్దాం" అన్నాడు.

"వానలు పడ్డాకే తవ్వాలని ఎక్కడుంది మామా?" అన్నాడు బుచ్చెన్న.

అప్పుడు నూకాలు ముందుకొచ్చింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నీకేం తాతా, నీ ఇల్లు నీ వీపు మీదే ఉంది" అంది.

ఆ మాట కూర్మయ్యకు తగిలింది. తప్పు కాదు మరి, ఆమె ఇల్లు లేనిది. కానీ అతను అలిసిపోయాడు కూడా. కాదు, కాదు, కాదు అని చెప్పి చెప్పి నోరు ఎండిపోయింది. "సరే, మీ ఇష్టం" అనేశాడు. నేల రాయిలా ఉంటే ముద్ర పడలేదు. బుచ్చెన్న వాగు నుంచి ఆకు దొప్పలో నీళ్లు తెచ్చి మట్టి తడిపాడు. కూర్మయ్య పాదం నొక్కి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

బుచ్చెన్న చక్కటి బొరియే తవ్వాడు, ఆ మాట చెప్పుకోవాలి. పిల్లలకు విడిగా గది, గడ్డి పరుపు. నూకాలు ఏడాది తర్వాత కంటినిండా నిద్రపోయింది.

ఆరుద్ర కార్తెలో వాన పట్టుకుంది. మూడో రోజు పొద్దున బొరియలోకి నీళ్లు వచ్చాయి, గుమ్మంలోంచి కాదు. పరుపు కిందనుంచి ఊరాయి. సంగతి విని కూర్మయ్య ఈదుకుంటూ వచ్చాడు. నూకాలు ఒక్కొక్కరినే నోట కరిచి తెచ్చి అతని వీపు మీద పెట్టింది. ముగ్గురే దొరికారు. చిన్నది లోపలి గదిలో ఉండిపోయింది. నూకాలు మళ్లీ మళ్లీ మునిగింది. దొరకలేదు.

మెట్ట మీద నిలబడి బుచ్చెన్న అన్నాడు: "నాదేం తప్పు? గుమ్మంలో మామ ముద్ర ఉందిగా."

అందరూ అటు చూశారు. గుమ్మమే కనబడలేదు, ముద్రెక్కడ?

"వాడి మాట నిజమే. తెలిసే వేశాను" అన్నాడు కూర్మయ్య. "అలిసిపోయి వేశానమ్మా." నూకాలు ముగ్గురు పిల్లల్నీ వేసుకుని మళ్లీ రేగుపొద కిందికి వెళ్లిపోయింది.

మళ్లీ ఎండలు ముదిరాయి. ఒక ముళ్లపంది కుటుంబానికి ఇల్లు కావాలని బుచ్చెన్న అదే నేలలో చెలమ తవ్వాడు. వాడి పళ్ల దురద తగ్గేది కాదు. కూర్మయ్య కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. వచ్చేసరికి చెలమ పక్కన నూకాలు కూర్చుని ఉంది.

"నువ్వు కాసేపు కళ్లు మూసుకో తాతా. నేను కూర్చుంటా" అంది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. చెలమ పొడిగానే ఉంది.

"వానలు పడ్డాక మళ్లీ తవ్వుదాం. అప్పటిదాకా కుదరదు" అంది నూకాలు.

బుచ్చెన్నకు ఒళ్లు మండింది. "నీకేం..." అని మొదలుపెట్టాడు. ఆమె మొహం చూశాడు. తవ్విన మట్టిని మళ్లీ చెలమలోకి తోసేశాడు.

నీతి: విసిగిపోయి అన్న "సరే" కూడా సరే కిందే చెల్లుతుంది. అందుకని కాదని చెప్పే పనిని ఒక్కరి మీదే వదిలెయ్యకండి, పక్కన మీరూ కూర్చోండి.