నక్క కుట్టిన ఎర్ర జోళ్లు

ఎండలు ముదిరితే గుట్టకు ఇవతల వాగు ఎండిపోతుంది. అవతల ఏరు మాత్రం పారుతూనే ఉంటుంది. నడుమ ఉన్నది రెండు మైళ్ల కంకర దారి. ఆ దారిలో ఒక ఇరుకు కనుమ, ఆ కనుమలో కాచుకుని కూర్చునే రేచుకుక్కలు. ఏటా జంతువులన్నీ గుంపుగా ఆ కనుమ దాటాలి. గుంపుతో పరుగెత్తినవాడు నీళ్లు తాగుతాడు, వెనకబడ్డవాడు కుక్కల పాలవుతాడు. అంతకు మించి అక్కడ న్యాయం లేదు. దయ అసలే లేదు.

ఎద్దు ఓబన్నకు ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. పోయినేడు గిట్టలో కంకర గుచ్చుకుని, కుంటుతూ వెనకబడ్డాడు. సగం తోక పోయింది, ప్రాణం మాత్రం దక్కింది. ఈసారి కాళ్లు మోసం చేస్తే ఇక అంతే అన్న దిగులుతో నెల రోజులుగా అతనికి మేత సహించడం లేదు.

సరిగ్గా ప్రయాణానికి ముందురోజు నక్క సుంకప్ప పాలచెట్టు కింద అంగడి తెరిచాడు. అన్నీ బెరడుతో, నారతో కుట్టిన పరుగు జోళ్లు. ఓబన్న తెల్లవారగానే అక్కడ నిలబడ్డాడు.

"రా మామా, రా! నీ కోసమే దాచిపెట్టా" అంటూ నక్క మోదుగపూల రంగు అద్దిన నాలుగు ఎర్ర జోళ్లు ముందు పెట్టాడు.

"కొలత తీసుకోవా?"

"నీ ముఖం చూస్తే కొలత తెలియదా మామా? పోయినేడు అందరికంటే ముందు ఏరు చేరిన జింక వేసుకున్నది ఈ రకమే."

జింక పేరు వినగానే ఓబన్న మనసు అటే లాగింది. కాలు తోశాడు. "బిగుతుగా ఉన్నాయే! గిట్టలో రెండు చీలికలూ ఒకదాన్నొకటి నొక్కుకుంటున్నాయి."

"కొత్తవి కదా! నాలుగు రోజులకు వాటంతటవే వదులవుతాయి."

"ప్రయాణం రేపే కదప్పా?"

"అయితే రేపటికే వదులవుతాయి! నువ్వు నాకేమీ ఇవ్వొద్దు మామా, ఊరికే తీసుకుపో."

ఓబన్న పొంగిపోయి బయలుదేరాడు. దారిలో గాడిద తిప్పమ్మ ఎదురైంది. ఇరవై ఏళ్లు చాకిరేవుకు తడిబట్టల మూటలు మోసిన ప్రాణం అది. కాలి నొప్పి గురించి ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"ఏందిరా ఓబా, నిప్పుల మీద నడిచినట్టు అడుగేస్తున్నావు?"

"కొత్త జోళ్లక్కా. జింక వేసుకున్న రకం."

"నీ తెలివి తగలెయ్య! జింక బరువెంత, నీ బరువెంత? రేపు జింక కాళ్లతో పరుగెత్తుతావా, నీ కాళ్లతోనా? అయినా నిద్ర లేవగానే తొడుక్కుని చూస్తే ఏం తెలుస్తుంది? పొద్దంతా నడిస్తే కాలు ఉబ్బుతుంది. అప్పుడు చూసుకోవాలి. విప్పు ముందు!"

ఓబన్న విప్పాడు. పొద్దు వాలేదాకా బీడంతా తిరిగి మేసొచ్చి మళ్లీ తొడగబోతే జోడు సగం దాకా కూడా ఎక్కలేదు. అతను అక్కడే కూలబడ్డాడు.

"అక్కా, రేపు కనుమ నడిమధ్యలో ఇట్లా అయ్యుంటే?"

"అదే నేనూ అడుగుతున్నా. అందరికీ బెరడు రంగువి అమ్మినోడు, నీకు మాత్రం ఎర్రవి, అదీ ఊరికే ఎందుకిచ్చాడు? నువ్వు దూరానికి కనబడాలని. ఎవరికి కనబడాలిరా?"

ఓబన్న తల తిప్పి కుక్కలు కాచుకునే కనుమ వైపు చూశాడు.

తిప్పమ్మ తన పాత గోనె చించింది. ఓబన్న కాలు నేలమీద పెట్టించి, బరువు మోపినప్పుడు గిట్ట ఎంత విచ్చుకుంటుందో చూసి కొలత గీసి, జోళ్లు కుట్టింది. రెండు చీలికలకూ రెండు గదులు, ముందు చింతగింజంత ఖాళీ, కింద అడుగుకు మూడు మడతల గోనె. తొడిగి ఊరుకోలేదు, కంకర మీద పదిసార్లు పరుగెత్తించింది. "ఎక్కడైనా ఒరుసుకుంటోందా?" అని అడిగి, "మడమ దగ్గర కొంచెం" అంటే విప్పి మళ్లీ కుట్టింది.

మర్నాడు గుంపు బయలుదేరే చోట తిప్పమ్మ అందరి ముందూ గొంతెత్తింది. "ఊళ్లో కొత్త బండి చేస్తే మొదట ఎక్కి తోలాల్సింది ఎవరు?"

"చేసిన వడ్రంగే!" అన్నాయి గేదెలు.

"అయితే ఈ ఎర్ర జోళ్లు కుట్టినోడే తొడుక్కుని ముందు నడవాలి."

నక్క రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకు పెద్దవి కదక్కా!"

"ముఖం చూసి కొలత చెప్పేవాడివి, నీ ముఖం ఎప్పుడూ నీళ్లలో చూసుకోలేదా? వదులైతే ముడి బిగిద్దాం, కాలు చాపు."

చుట్టూ గేదెలు, అడవిపందులు. కాదంటే కారణం చెప్పాలి. నక్క కాళ్లు చాపాడు. తిప్పమ్మ పళ్లతో లాగి, చాకలి మూటకు వేసే ముడి వేసింది. అది తడిసినా జారదు, తన్నుకున్నా ఊడదు.

గుంపు కదిలింది. కనుమలో దుమ్ము లేచింది. ఆ దుమ్ములో కాళ్లు తప్ప ఇంకేం కనబడలేదు.

"అదిగో ఎర్రకాళ్లోడు!" అని రేచుకుక్కలు దూకాయి.

నక్క పరుగెత్తబోయాడు. జోళ్లు టపటపలాడి, కాలికి కాలు అడ్డం పడి బోర్లా పడ్డాడు. "నేనురా! సుంకప్పను! నేను చెప్పిన ఎర్రకాళ్లోడు ఎద్దురా! వాణ్ణి పట్టిస్తే వాటా ఇస్తామన్నారు కదరా!"

ఆ కేక గుంపంతా విన్నది. కుక్కలు ఆగి చూసుకునేలోపే నక్క వీపున బొచ్చు పిడికెడు కూడా మిగల్లేదు. అతను పాక్కుంటూ ముళ్లపొదలో దూరాడు. మోసం చేశాడని కుక్కలు ఆ పొద చుట్టూ మొరుగుతూ ఉండిపోయాయి. ఈలోగా గుంపు కనుమ దాటేసింది. గుంపు నడిమధ్యలో, ఒక్క అడుగైనా తడబడకుండా ఓబన్న.

ఏట్లో దిగి, కడుపు నిండా తాగి, అతను గట్టిగా ఊపిరి వదిలాడు. నెల రోజుల దిగులు ఆ ఊపిరితో పోయింది.

"కాళ్లు ఎట్లా ఉన్నాయిరా ఓబా?" అంది తిప్పమ్మ.

"ఉన్నాయన్న సంగతే గుర్తు లేదక్కా!"

కాలికి వేసుకునేది బాగుందో లేదో కాలినే అడగాలి, అమ్మేవాడి నోటినీ పక్కవాడి గెలుపునూ కాదు.