రెండు గిన్నెల పచ్చ

ముకుందాచారిగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ముందు కుంచె కడుగుతారు. ఈలోగా అడిగినవాళ్ల పై ప్రాణాలు పైనే పోతాయి.

ఆ ఆదివారం ఆయన శిష్యురాలు హైమవతి అదే అవస్థలో కూర్చుంది. ఆమె కొత్తగా ఒక బాలబడిలో బొమ్మలు నేర్పే పనిలో చేరింది. బుధవారం కమిటీవాళ్లు వచ్చి పిల్లలకు రంగులు వచ్చాయో లేదో చూస్తారు. రాలేదంటే వేరే మనిషిని చూసుకుంటారు. నీలంలో పసుపు కలిపితే ఆకుల రంగు వస్తుందని వేళ్లు ముంచి మరీ నేర్పింది. ఐదేళ్ల గంగాభవాని తప్ప అందరూ నేర్చారు. ఆకుకు పచ్చ వెయ్యమంటే ఆ పిల్ల పోయి పోయి పసుపు వేస్తుంది. హైమవతి నాలుగుసార్లు దిద్దింది, ఐదోసారి కసిరింది. అప్పట్నుంచీ గంగాభవాని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతోందే గాని రంగు ముట్టుకోవడం లేదు. ఉద్యోగం దిగులు ఒకటైతే, ఆ చిన్న చేతుల దిగులు దానికి రెట్టింపయి హైమవతికి అన్నం సయించడం లేదు.

“ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కని పిల్లకు ఎలా చెప్పాలి గురువుగారూ?” అని అడిగింది.

ఆయన కుంచె కడగడం ముగించారు. ఎదురుగా సగం వేసిన పటం ఉంది. అందులో బిందె ఎత్తుకున్న మనిషికి ఇంకా చీర రంగు వెయ్యలేదు. తల ఎత్తకుండానే, కాస్త కరుగ్గా, గూట్లోంచి పచ్చ అందుకోమన్నారు.

హైమవతి గబుక్కున లేచింది. గూట్లో రెండు గిన్నెలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లో పసుపుపచ్చ, ఒకదాంట్లో ఆకుపచ్చ. చెయ్యి మొదటిదాని మీదికి పోయి ఆగింది, రెండోదాని మీదికి పోయి ఆగింది. పటం వంక చూస్తే చీర తెల్లగా ఉంది. పదేళ్లు నేర్చుకుని ఈ మాత్రం తెలియదా అంటారేమోనని అడగడానికి జంకింది.

ఎంతసేపు అన్నట్టు ఆయన కుంచెతో నీళ్ల గిన్నె అంచు మీద తట్టారు. హైమవతికి తెలియకుండానే చేతులు రెండూ వెనక్కి పోయాయి.

“ఏ పచ్చ గురువుగారూ?” అంది చివరికి.

ముకుందాచారిగారు తలెత్తి ఆమె ముఖం చూడలేదు, వెనక్కి పోయిన చేతులు చూశారు.

“నువ్వు పెద్దదానివి గనక అడగగలిగావమ్మా” అన్నారు.