నాచుగుడ్డుకి పుట్టువెంట్రుకలు

నాలో ఒక మంచి గుణం ఉంది. ఎవరేమడిగినా "తెలియదు" అనను. అడిగినవాళ్ళని వట్టి చేతులతో పంపడం మా గాడిదల వంశంలోనే లేదు. నాకు చదువు ఎవరూ చెప్పలేదు. మోసిన బస్తాల మీది అక్షరాలు చూసి నేనే నేర్చుకున్నాను. బస్తా నా వీపు మీదే ఉండేది కాబట్టి సగం అక్షరాలే కనపడేవి.

మా యజమానురాలు సుభాషిణమ్మ పట్నం నుంచి ఓ మొక్క తెచ్చింది. పేరు థైమ్ అట, వాములా ఘాటు వాసన. కుండీ లేదు. వేళ్ళ చుట్టూ మట్టిముద్ద, దానిమీద పచ్చటి నాచు, ఆపైన దారం. ఇంట్లో ఎండ పడదని ఆ బంతిని పళ్ళెంలో పెట్టి మా కొట్టం కిటికీలో ఉంచింది. ఇదంతా తరవాత తెలిసిన సంగతి. ఆ రోజు నాకు తెలిసింది ఒక్కటే: అది గుండ్రంగా ఉంది.

"ఏమిటి మావా అది?" అంది చుక్కలకోడి. పాపం, దాని గుడ్లన్నీ అట్లలోకే పోయాయి. ఒక్క పిల్లనైనా వెంట తిప్పుకోవాలని దాని ఆశ.

"గుడ్డు," అన్నాను.

"పచ్చగా ఉందేం?"

"అడవిగుడ్డు ఎప్పుడైనా చూశావా?"

"లేదు. నెత్తిన ఆ ఆకులేమిటి?"

"ఆకులేమిటే, ఈకలు! పిల్లకి తొందరెక్కువ."

మూల నెమరేస్తున్న ముసలిమేక, "ఒరేయ్, అది మొక్కరా," అంది.

"తినేవాళ్ళకి అన్నీ మొక్కలే పెద్దమ్మా," అన్నాను. కోడి అప్పటికే బంతెక్కి కూర్చుంది.

బంతి ఎండి తేలికైనప్పుడల్లా సుభాషిణమ్మ దాన్ని బకెట్లో ముంచేది. బుడబుడా బుడగలొచ్చేవి.

"మావా, నా బిడ్డని ముంచేస్తోంది!"

"తలంటు పోస్తోందే పిచ్చిదానా."

ఓ రోజు కత్తెర తెచ్చి, ముదురు కాడలు వదిలేసి, లేత కొసలు చారులోకి కోసుకుపోయింది.

"మావా, ఈకలు!"

నాకూ మతిపోయింది. కానీ గుణం ఊరుకోదుగా. "పుట్టువెంట్రుకలు తీశారే. ఇక ఒత్తుగా వస్తాయి."

వచ్చాయి! ఒకటి కోసిన చోట రెండు. నా తెలివికి నాకే భయం వేసింది.

గోడవతల నక్క ఇవన్నీ వింటూనే ఉంది. పొగమంచు పట్టిన ఓ పొద్దున కంతలో మూతి పెట్టి వాసన చూసింది. కోడి దగ్గర థైమ్ ఘాటు తప్ప ఇంకేమీ తగల్లేదు. మసాలా పట్టించిన కోడి అనుకుని లొట్టలేసింది.

"వదినా, పుట్టువెంట్రుకలు తీయించి పిల్లకి కాలవస్నానం చేయించకపోతే ఎలా? పద, నేను తోడొస్తా."

కోడి నావైపు తిరిగింది. "వెళ్ళనా మావా?"

"వెళితే తిరిగిరావు," అంది మేక.

నాకూ అనుమానమే. కానీ ఆచారం తెలియదంటే పరువేం కాను? "వెళ్ళాల్సిందే," అన్నాను.

కోడి బంతిని గడ్డిమీదికి దొర్లించి, తీసి ఉన్న తలుపులోంచి బయటికి నెట్టుకెళ్ళింది. మంచులో దేనికీ ఏదీ కనపడలేదు. నక్క ముక్కుని నమ్ముకుని, ఘాటు ఎక్కువున్న చోటికి దూకి కసుక్కున కొరికింది.

నోటినిండా నాచు, బురద. పళ్ళసందుల్లో దారం.

"వదినా... నీ ఎముకలేవే?"

నేను భయంతో ఓండ్రపెట్టాను. సుభాషిణమ్మ చీపురుతో పరిగెత్తుకొచ్చింది. నక్క పచ్చగడ్డంతో పారిపోయింది.

మిగిలిన వేళ్ళకి సుభాషిణమ్మ కొత్త నాచు చుట్టింది. కోడి మళ్ళీ ఎక్కి కూర్చుంది.

"చూశావా మావా, బయటికి రాకముందే నక్కని తరిమాడు నా కొడుకు! ఎప్పుడొస్తాడంటావు?"

"ఇప్పుడైనా నిజం చెప్పరా," అంది మేక.

"ఉగాదికి," అన్నాను.

నీతి: ముక్కుని నమ్మినా, గాడిదని నమ్మినా, ముందు కళ్ళతో ఒకసారి చూసుకోవాలి.

నీతి మేక చెప్పింది. నాకు మాత్రం "తెలియదు" అనడం ఇంకా రాలేదు.