విరగని బోల్టు

తైగెన్ మెకానిక్ పని వదిలి సన్యాసం పుచ్చుకున్నాడు. అయినా యంత్రం ఆగిపోతే మాత్రం ఇప్పటికీ అతనికి తల కొట్టేసినట్టుండేది. ఆ శీతాకాలం ఒకే వారంలో మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ నలుగురి ముందే.

జపాన్‌కి ఉత్తరాన హొక్కైదో దీవిలో ఓ చిన్న ఊరు. ఆ ఊళ్ళో బౌద్ధుల్లో జెన్ శాఖవాళ్ళది చిన్న ఆశ్రమం. అక్కడి మంచు మనం సినిమాల్లో చూసి ముచ్చటపడే మంచు కాదు. పొద్దున్నే లేచేసరికి వీధి తలుపు తెరుచుకోదు! అందుకే మంచు తీసే యంత్రం, స్నో బ్లోయర్ అంటారే, అది చాలా ఇళ్ళల్లో ఉంటుంది. ముందు నోట్లో ఇనప మర తిరుగుతూ మంచుని లోపలికి లాక్కుంటే, వెనకున్న పంకా దాన్ని గొట్టంలోంచి అల్లంత దూరం విసిరేస్తుంది.

ఆశ్రమానికి ఆ యంత్రాన్ని ఎంచింది తైగెనే. బాగా ఎంచాడు కూడా, కాదనడానికి లేదు. కరెంటుతో నడిచే చిన్నది దూదిలాంటి మంచుకే పనికొస్తుందన్నాడు. అన్నిటికన్నా పెద్దది సందులో పట్టదన్నాడు. పంకా ఉన్న మధ్యరకం పెట్రోలు యంత్రాన్ని తెప్పించాడు. వేసవి రాగానే ట్యాంకులో పెట్రోలు ఖాళీ చేసేవాడు. తడిమంచు అంటుకోకుండా గొట్టానికి మైనం రాసేవాడు. గొట్టం పూడుకుపోతే ఇంజను ఆపి కర్రతో పొడిచేవాడే గానీ, పొరపాటున కూడా చెయ్యి పెట్టేవాడు కాదు.

గురువు కకుజెన్‌కి డెబ్భై ఎనిమిదేళ్ళు. యంత్రాల గురించి ఆయనకి తెలిసింది సున్నా.

ఇంత హడావిడీ ఎవరి కోసం? ఆశ్రమం వెనక సందు చివర ఒంటరిగా ఉండే హత్సుయే గారి కోసం. ఎనభై దాటిన ఆ పెద్దావిడకి కిడ్నీలు పనిచెయ్యవు. వారానికి మూడురోజులు, పొద్దున ఏడున్నరకి ఆసుపత్రి కారొచ్చి డయాలసిస్‌కి తీసుకెళ్ళాలి. కిందటేడు మంచులో కారు రాలేక ఒక్కపూట తప్పింది. ఒళ్ళంతా నీరుపట్టి, ఊపిరాడక చచ్చి బతికింది పాపం.

యంత్రం రాకముందు ఆ మూడురోజులూ తెల్లవారుజామునే ఇరుగుపొరుగువాళ్ళు ఆరుగురు పారలు పట్టుకొచ్చేవాళ్ళు. ఎదురింటి కురాతా వాళ్ళకి పెద్ద. సోయాపాలు విరిచి టోఫూ చేసి అమ్ముకునే మనిషి. పని అయ్యాక ఆశ్రమం వంటింట్లో అందరూ వేడివేడి పులుసు తాగి వెళ్ళేవాళ్ళు. యంత్రం వచ్చాక కూడా రావడం మానలేదు. దాని వెనకే వచ్చి, అది వదిలేసిన మూలలు తవ్వేవాళ్ళు.

ఆగిపోయిందని చెప్పానే, కారణం ఓ చిటికెనవేలంత పిన్ను. ఇనప మరని ఇరుసుకి పట్టి ఉంచేది అదే. రాత్రి మునిసిపాలిటీ బండి రోడ్డు మీది మంచునంతా పక్కకి నెట్టేస్తుంది. ఆ గుట్ట సందు మొదట్లో పేరుకుని తెల్లారేసరికి రాయైపోతుంది. అందులో మంచుగడ్డ తగిలితే టక్కున పిన్ను విరుగుతుంది, మర ఆగిపోతుంది. తైగెన్ మోకాళ్ళ మీద కూర్చుని, కొంకర్లు పోయే వేళ్ళతో కొత్తది బిగించాలి. ఆరుగురూ చుట్టూ నిలబడి చూస్తారు.

మూడోసారి విరిగినప్పుడు తైగెన్ పళ్ళు నూరుకున్నాడు. తన పాత పెట్టెలోంచి గట్టి ఉక్కు బోల్టు తీసి పిన్ను బదులు బిగించాడు.

"అలా చెయ్యకు బాబూ. అది విరగాలనే మెత్తగా చేశారు," అన్నాడు కురాతా.

"పదకొండేళ్ళు వర్క్‌షాపులో చేశానండీ. టోఫూ సంగతి వచ్చినప్పుడు మిమ్మల్నే అడుగుతాలెండి," అన్నాడు తైగెన్. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "ఇక యంత్రం ఆగదు. రేపట్నించి మీరెవరూ రానక్కర్లేదు," అని కూడా అన్నాడు.

కురాతా పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళూ ఆయన వెనకే వెళ్ళారు. మర్నాటి నుంచి వంటింట్లో పులుసు కుండ పొయ్యెక్కలేదు.

"ఇక ఇది విరగదు గురువుగారూ!" అన్నాడు తైగెన్ ఆ సాయంత్రం.

"అలాగా," అన్నాడు కకుజెన్, టీ తాగుతూ.

తొమ్మిది రోజులు విరగలేదు. పదోరోజు డయాలసిస్ రోజు. రాత్రంతా కురిసి నడుంలోతు మంచు పడింది. ఐదున్నరకి తైగెన్ యంత్రాన్ని గుట్టలోకి తోశాడు. రెండడుగులు వెళ్ళిందో లేదో, లోపల ఏదో ఫెళ్ళుమంది. మర ఆగిపోయింది. మంచు మీద నల్లగా నూనె కారింది.

ఇంజను ఆపి, లైటు వేసి చూశాడు. బోల్టు చెక్కుచెదరలేదు. అది విరక్కపోయేసరికి దెబ్బంతా తిని గేర్‌బాక్సే రెండుగా పగిలింది.

నూటయాభై అడుగుల సందు. రెండు గంటల టైము. పార తీసుకుని పిచ్చిపట్టినవాడిలా తవ్వడం మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలకి పన్నెండడుగులైనా కాలేదు. కిందటేడు హత్సుయే గారు ఊపిరి కోసం కొట్టుకోవడం గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అలికిడికి కకుజెన్ బయటికొచ్చాడు. పగిలిన గేర్‌బాక్సు చూశాడు, సందు చూశాడు. శిష్యుడి చేతిలోంచి పార తీసుకుని, రోడ్డు దాటి, అవతలి గుట్టని తవ్వసాగాడు.

"గురువుగారూ, అటు కాదు! హత్సుయే గారి ఇల్లు ఇటు!"

ఆయన తల ఎత్తలేదు. ఒక్కో పారెడే తీసి పక్కన వేస్తున్నాడు.

"టైము లేదు గురువుగారూ! అక్కడేముందని?"

"ఎక్కువ మంచు ఇక్కడే ఉంది," అన్నాడు కకుజెన్. "ముందు ఇది తియ్యాలి."

తైగెన్ అప్పుడు చూశాడు. ఆయన తవ్వుతున్న దారి కురాతా గుమ్మానికి పోతోంది.

తనూ రోడ్డు దాటాడు. పార కోసం ఆగకుండా చేతుల్తోనే మిగతా మంచు తోసుకుంటూ వెళ్ళి తలుపు తట్టాడు.

కురాతా తెల్ల ఏప్రన్‌తో తలుపు తీశాడు. వెనక సోయాపాల ఆవిరి.

తైగెన్ నడుం పూర్తిగా వంచాడు. "బోల్టు విరగలేదండీ. గేర్‌బాక్సు పగిలింది. మీరన్నదే నిజం. పొగరెక్కి నోటికొచ్చినట్టు వాగాను. తప్పు నాది. హత్సుయే గారి కోసమైనా రండి."

కురాతా మొహంలో ఏమీ కనపడలేదు. "పొయ్యి మీద పాలున్నాయి," అని తలుపేసేశాడు.

అయిపోయింది అనుకున్నాడు తైగెన్. వంచిన నడుం ఎత్తడానికి కూడా మనసొప్పలేదు.

ఇంటి పక్క షెడ్డులో ఇంజను గుర్రుమంది.

పొయ్యి ఆర్పి, ఏప్రన్ మీదే కోటు తగిలించుకుని, కురాతా తన వాకిలికి మాత్రమే వాడుకునే పాత యంత్రాన్ని బయటికి తీస్తున్నాడు! "మా ఆవిడ అందరికీ ఫోన్లు చేస్తోంది," అని అరిచాడు. "అలా వంగి చూస్తావేంటయ్యా? పార పట్టు!"

పది నిమిషాల్లో ఆరుగురు కాదు, పదకొండు మంది వచ్చారు. ముందు యంత్రం, వెనక పారలు. మంచు రెండుపక్కలా ఎగిరిపడుతోంది. అరుపులు, నవ్వులు, ఒకళ్ళ మీద ఒకళ్ళు హాస్యాలు! సందు సగానికి వచ్చేసరికి టక్కుమని మర ఆగింది. అందరూ ఆగిపోయారు.

కురాతా తాపీగా ఇంజను ఆపాడు. కోటు జేబులోంచి చిన్న పిన్ను తీసి తైగెన్‌కి అందించాడు. "ఇదిగో, నువ్వే వెయ్యి. పదకొండేళ్ళ అనుభవం కదా!"

జనం ఘొల్లుమన్నారు. అందరికన్నా గట్టిగా తైగెనే నవ్వాడు. మోకాళ్ళ మీద కూర్చుని, విరిగిన ముక్క తీసి కొత్త పిన్ను బిగించాడు. పట్టుమని రెండు నిమిషాలు పట్టలేదు. ఇంజను మళ్ళీ అందుకుంది.

ఏడూ ఇరవై అయిదుకి ఆఖరి పారెడు మంచు లేచింది. ఏడున్నరకి కారు సందులోకి నేరుగా, ఎక్కడా జారకుండా, హత్సుయే గారి గుమ్మం దాకా వచ్చింది. ఎర్ర మఫ్లరు చుట్టుకుని చేతికర్రతో బయటికొచ్చిన పెద్దావిడ, బారులుతీరి నిలబడ్డ జనాన్ని చూసి నోరు తెరిచింది.

"ఏంటర్రా ఇంతమంది? నాకేమన్నా పెళ్ళా?"

పారలు గాల్లోకి లేచాయి. కారు మలుపు తిరిగేదాకా అందరూ కేకలు పెడుతూనే ఉన్నారు. తైగెన్ గొంతు బొంగురుపోయింది.

ఆశ్రమం వంటింట్లో పులుసు కుండ పొయ్యెక్కింది. కూర్చోడానికి చోటు చాలక కొందరు గోడకి ఆనుకుని తాగుతున్నారు. తైగెన్ గిన్నె నింపి గురువు ముందు పెట్టాడు.

"ఏమేం విరిగాయి?" అని అడిగాడు కకుజెన్.

"గేర్‌బాక్సు, గురువుగారూ." తైగెన్ తలొంచుకున్నాడు. "ఇంకొకటి కూడా. నాలో ఉన్నది."

కకుజెన్ గిన్నె అందుకున్నాడు.

"గేర్‌బాక్సు ఒక్కటే బాగుచేయించు."